నూటికి నూరు అడిగినచోట నిజం చెప్పిన క్రిస్టినా గారు

1992వ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీ సోమవారం ఉదయం శ్రీమతి క్రిస్టినా గారు మా కళాశాల జంతుశాస్త్ర శాఖలో అధ్యాపకురాలిగా చేరారు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల మధ్య గడిచిన సుదీర్ఘ సేవాకాలాన్ని సముచితమైన భాషలో, ఎవరి మనసూ నొప్పించకుండా రాసి ఇవ్వవలసిందిగా ఈ అభినందన సంచిక సంపాదకులు, వాణిజ్య శాఖ మిత్రులు రాంబాబు గారు నన్ను కోరారు. గణిత శాఖలో పనిచేస్తూ, అదే స్టాఫ్ రూములో ఆవిడకు ఎదురు కుర్చీలో ఇన్నేళ్లూ కూర్చున్నవాడిగా ఈ గౌరవాన్ని సంతోషంగా స్వీకరించాను. భాష సముచితంగానే ఉంటుంది. రెండో షరతుకు మాత్రం నేను హామీ ఇవ్వలేను.

ఆ సంగతి రాంబాబు గారికీ ముందే అనుమానం వచ్చినట్టుంది. మొన్న కారిడార్లో ఆపి, "హేమసుందర్ గారూ, ఆ కోర్టు గొడవ ఒక్కటీ వదిలేయండి సార్. ఇంటిల్లిపాదీ దాచుకునే పుస్తకం. యాజమాన్యం వాళ్లు కూడా చదువుతారు కదండీ," అన్నారు.

"అది వదిలేస్తే ఆవిడ గురించి రాయడానికి ఏముంటుందండీ? పుట్టిన తేదీ, రిటైరైన తేదీ. అవి సర్వీసు రిజిస్టర్లో ఉన్నాయిగా," అన్నాను.

"మీ ఇష్టం. నేను మాత్రం వద్దనే చెప్పాను."

"చెప్పారు. అది కూడా రాస్తాను. మీరు అచ్చు వేయకపోతే సభలో మైకు పట్టుకుని చదువుతాను."

వారు నవ్వి వెళ్లిపోయారు. నేను నవ్వలేదు. ఈ వ్యాసం మీ చేతిలో ఉన్నదంటే, మైకు కన్నా అచ్చే నయమని వారు నిర్ణయించుకున్నారని అర్థం.

క్రిస్టినా గారు చేరిన కొత్తలో జంతుశాస్త్ర ప్రయోగశాల అంటే ఫార్మలిన్ వాసన, మూత పగిలిన సీసాలు, ఎప్పుడో చచ్చి రంగు వెలిసిన ఒక తాబేలు. ఆవిడ మచిలీపట్నం రేవుకు, కొల్లేటి లంకలకు, కృష్ణా కరకట్ట పక్క మడుగులకు విద్యార్థులను బస్సుల్లో తీసుకువెళ్లి, తెచ్చిన ప్రతి నమూనాకూ ఎక్కడ దొరికింది, ఏ వేళ దొరికింది, నీరు ఎలా ఉంది అనే వివరాలు రాసి అంటించేవారు. బోధనలో వారి ప్రత్యేకత మరొకటి ఉంది. మనది కోచింగుల ఊరు. నాలుగు గడుల్లో ఒక గడిని నల్లగా దిద్దడమే జ్ఞానమని, మిగిలిన మూడు గడుల్లోనూ అసత్యం తప్ప ఇంకేమీ ఉండదని పిల్లలకు ఆరో తరగతి నుంచీ నూరిపోసే ఊరు. అటువంటి ఊళ్లో క్రిస్టినా గారు తమ ప్రశ్నపత్రాల్లో నాలుగు జవాబుల కింద ఐదో గీత ఒకటి ఖాళీగా వదిలి, "ఇచ్చిన ఆధారాలతో చెప్పలేము అనుకుంటే, ఎందుకు చెప్పలేమో ఇక్కడ రాయండి" అని అడిగేవారు. ఆ గీత మీద సరిగ్గా రాసినవాళ్లకే ఎక్కువ మార్కులు పడేవి. తల్లిదండ్రులు వచ్చి గొడవపెట్టుకున్నారు. ప్రిన్సిపాల్ పిలిచి మందలించారు. గీత అలాగే ఉంది.

ఒకటి చేస్తే పది చెప్పుకునే లోకంలో, పది చేసినా ఒక్కటే, అదీ ఆచితూచి చెప్పే మనిషి వారు. నేనేమో లెక్కల మాస్టరుని. మా శాస్త్రంలో ఒక విషయం రుజువైతే రుజువైనట్టే, లేకపోతే లేనట్టే. మధ్యలో నిలబడటానికి జానెడు చోటు కూడా ఉండదు. అందువల్ల మా ఇద్దరి మధ్య ఇన్నేళ్లూ తెగని వాదన నడిచింది. ఆవిడ ఆదివారం చర్చిలో గాయక బృందంలో పాడి, సోమవారం మైక్రోస్కోపు ముందు కూర్చుని కప్ప చర్మాన్ని కూడా నమ్మనంటారు. ఒకసారి ఉండబట్టలేక, "ఏమండీ, నిన్న అంత గట్టిగా నమ్మారు, ఇవాళ దేన్నీ నమ్మరేం?" అని వేళాకోళమాడాను. ఆవిడ టిఫిను డబ్బా మూత తీస్తూ, "నిన్న నమ్మినదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టనండీ. ఇవాళ మైక్రోస్కోపు కింద పెట్టినదాని కోసం ప్రార్థన చేయను. ఏ గదిలోకి వెళ్తే ఆ గది పద్ధతి. మీరే ఒక్క గది కట్టుకుని లోకమంతా అందులోనే పట్టాలంటారు," అన్నారు. నేను ఆవిడ డబ్బాలోంచి అప్పడం తీసుకున్నాను.

ఆ మాట విలువ నాకు తెలిసివచ్చిన సందర్భం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం వానాకాలంలో నాకు విపరీతమైన జ్వరం వచ్చింది. గవర్నరుపేటలో రక్తపరీక్ష చేయించుకుంటే డెంగీ నెగెటివ్ అన్నారు. మర్నాడు కాగితం పట్టుకుని దర్జాగా కాలేజీకి వచ్చి, "డెంగీ లేదని తేలిపోయింది," అని అందరికీ ప్రకటించాను. క్రిస్టినా గారు కాగితం చూసి, "లేదని తేలలేదండీ. కనబడలేదని తేలింది. జ్వరం వచ్చి ఎన్నాళ్లయింది? ఈ దశలో ఈ పరీక్షకు అందకపోవచ్చు. ఇంకో పరీక్ష చేయించుకోండి," అన్నారు. నేను వినలేదు. సాయంత్రం మా ఆవిడకు ఫోను చేసి, నా మీద పితూరీ చెప్పి, నన్ను బలవంతాన ఆసుపత్రికి పంపించారు. ప్లేట్‌లెట్లు అప్పటికే అడుగంటాయి. వారం తర్వాత కొరమీను పులుసు పట్టుకుని నన్ను చూడటానికి వచ్చినప్పుడు, నేను చెప్పానా అన్న మాట ఆవిడ నోటి వెంట రాలేదు. పులుసులో ఉప్పు సరిపోయిందా అని మాత్రం అడిగారు. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు అనే పాఠాన్ని నేను ప్రాణం మీదికి తెచ్చుకుని నేర్చుకున్నాను. చదువుకున్న మిగతా పెద్దమనుషులు ఆ ఖరీదు చెల్లించలేదు కనుక ఇంకా నేర్చుకోలేదు.

తదనంతర కాలంలో వారు మంచినీటి చేపల మొప్పల మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందారు, శాఖాధిపతి అయ్యారు. నీరు కలుషితమైతే ముందుగా దెబ్బతినేది చేప మొప్పే. ఏ రకమైన విషం తగిలితే మొప్ప పొర ఏ రకంగా దెబ్బతింటుందో చెప్పగలిగినవారు ఈ డెల్టాలో కొద్దిమందే ఉన్నారు. ఆ పాండిత్యమే వారిని పడవలంకకు తీసుకువెళ్లింది. రాంబాబు గారు వదిలేయమన్న భాగం ఇక్కడ మొదలవుతుంది.

పడవలంక కొల్లేటి అంచున, ఒక పెద్ద మురుగు కాలువ సరస్సులో కలిసేచోట ఉన్న మత్స్యకారుల ఊరు. కాలువకు ఎగువన ఒక కర్మాగారం వచ్చి, తన వ్యర్థజలాన్ని గొట్టం ద్వారా కాలువలోకి వదలసాగింది. ఆ తర్వాత వరుసగా రెండు వేసవుల్లో గొట్టం దిగువన చేపలు తెల్లారేసరికి పొట్టలు పైకి తేలి కనిపించాయి. మత్స్యకారుల సంఘం అధ్యక్షులు మంగరాజు గారు కోర్టుకు వెళ్లారు. కోర్టు మన కళాశాలకు రాసి, నిపుణురాలిగా క్రిస్టినా గారిని నియమించింది. ఎండలకు నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చాయన్నది కర్మాగారం వాదన. ఆవిడ గొట్టానికి ఎగువనా దిగువనా చేపలు పట్టించి పరీక్షించారు. ఎండ రెండు చోట్లా ఒకటే. ఎగువ చేపల మొప్పలు ఆరోగ్యంగా ఉన్నాయి, దిగువ చేపల మొప్పలు కాలి అతుక్కుపోయి ఉన్నాయి. ఇంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ అని, వ్యర్థజలమే కారణమని తమ అభిప్రాయమని నివేదిక ఇచ్చారు. అంతకన్నా గట్టిగా ఆ శాస్త్రంలో ఎవరూ చెప్పరు.

విచారణ నాడు నేను కూడా వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. కర్మాగారం తరఫు వకీలు ఆ మొప్పల జోలికి పోలేదు, ఎగువ దిగువల మాట ఎత్తలేదు. నివేదికలో ఆ ఒక్క వాక్యం పట్టుకున్నారు.

"నూటికి ఒకటి అన్నారు. అంటే ఆ ఒక్క పాలు మీరు పొరబడి ఉండవచ్చు. అవునా?"

"అది సరిగ్గా ఆ అర్థంలో కాదండీ..."

"అవునా, కాదా చెప్పండి మేడం. మీ అభిప్రాయం తప్పు కావడానికి అవకాశం ఉందా?"

"ఉండవచ్చండీ."

"నూటికి నూరు పాళ్లు ఖాయంగా చెప్పగలరా?"

"చెప్పలేనండీ. అలా ఎవరూ..."

"దట్సాల్, యువర్ ఆనర్."

నిపుణురాలే తన అభిప్రాయం తప్పు కావచ్చునని అంగీకరించినందున కారణం రుజువు కాలేదని తీర్పు వచ్చింది. దావా కొట్టేశారు.

తీర్పు మీద వ్యాఖ్యానించవద్దని సంఘం తరఫు న్యాయవాది జయంత్ గారు నన్ను హెచ్చరించారు. కనుక తీర్పు జోలికి పోను. ఆ ప్రశ్న జోలికి పోతాను, ఎందుకంటే ఆ ప్రశ్న నాది. నూటికి నూరు అనేది మా గణితం ఇంట్లో మాత్రమే దొరికే వస్తువు. త్రిభుజం కోణాల గురించి నన్ను బోనులో నిలబెట్టి అడిగితే కళ్లు మూసుకుని చెబుతాను. చేప గురించి, జ్వరం గురించి, వాన గురించి ఆ ప్రశ్న అడిగేవాడికి తెలియకైనా ఉండాలి, తెలిసి దగా చేస్తూనైనా ఉండాలి. ఆ వకీలు గారు తెలియనివారు కారు. దారుణం ఏమిటంటే, న్యాయశాస్త్రానికి సైతం అంత అవసరం లేదు. ఇది హత్యకేసు కాదు. సివిలు దావాలో ఇరుపక్షాలలో ఏది ఎక్కువ సంభావ్యమో తేలితే చాలునని జయంత్ గారే నాకు చెప్పారు. అంటే న్యాయం అడిగే పాటి సత్యం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సత్యాన్ని క్రిస్టినా గారు ఆ బోనులోకి పట్టుకెళ్లారు. దాన్ని నా శాస్త్రం కొలతతో కొలిచి, తక్కువైందని విసిరేశారు. వన్ టౌన్‌లో బెల్లం బస్తాలు తూచే కాటా మీద ఎవరూ బంగారం తూచరు, బంగారపు త్రాసులో బెల్లం బస్తా పెట్టరు. ఆ ఇంగితం అక్కడి ముఠా కూలీలకూ గుమాస్తాలకూ ఉంది. నల్లకోటు వేసుకున్నవారికీ ఉంది, కాకపోతే ఆనాడు దాన్ని ఇంట్లో పెట్టి వచ్చారు. నా జీవితంలో గణితాన్ని చూసి సిగ్గుపడిన రోజు అదొక్కటే. నాకు ఇవాళ్టికీ ఒళ్లు మండిపోతూనే ఉంది.

ఆ రోజు కోర్టు వరండాలో మంగరాజు గారు ఆవిడకు అడ్డంగా నిలబడ్డారు. "ఏందమ్మా ఇది! మిమ్మల్ని దేవతల్లే సూసుకున్నాం. నూటికి నూరు అని ఒక్క ముక్క అంటే మీ సొమ్మేం పోయిద్దండీ?" అని అరిచారు. క్రిస్టినా గారు తల దించుకోకుండానే ఆటో వైపు నడిచారు. ఆటో ఎక్కాక మాత్రం, "ఆయనకు ఏం చెప్పాలండీ? అబద్ధం ఆడితే గెలిచేవాళ్లమని చెప్పాలా?" అని నన్ను అడిగారు.

కొన్ని నెలల తర్వాత మంగరాజు గారే మా స్టాఫ్ రూముకు వచ్చారు. అప్పటికి పడవలంక కుర్రాళ్లు సగంమంది వలలు చుట్టి అటకెక్కించి, గన్నవరం వైపు గోడౌన్లలో పనికి పోతున్నారు. ఆయన కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం గారూ, ఆ రోజు నోరు జారానండీ. మీరు అబద్ధం ఆడలేదని మాకు తెలుసు. నిజం సెప్పి కూడా ఎందుకు ఓడిపోయామో, అదొక్కటే తెలవట్లేదండీ."

క్రిస్టినా గారు నా వైపు చూశారు. నా ప్రశ్న కనుక నేనే చెప్పాను. ఒక్కో చదువులో నిజానికి ఒక్కో కొలత ఉంటుందని, వకీలు వేరే కొలత తెచ్చి పెట్టాడని, ఆవిడ ఆ కొలతకు కూడా నిజమే చెప్పారని వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"బాగానే ఉందండీ. ఈ ముక్క మీరు నాకు సెబితే ఏం లాభం? ఆ జడ్జి గారికి సెప్పాలి గదా."

"అదీ నేను చెబితే చెల్లదండీ. ఆవిడే చెప్పాలి," అన్నాను.

చెప్పడానికి ఆవిడ సిద్ధంగానే ఉన్నారు. సంఘం పై కోర్టుకు అప్పీలు చేసింది. తమ నివేదికలోని ఆ వాక్యానికి అర్థమేమిటో, ఆ శాస్త్రంలో ఎంత ఖాయమైతే ఖాయమంటారో వివరిస్తూ ప్రమాణపత్రం ఇవ్వడానికి అనుమతి కోరుతూ క్రిస్టినా గారు యాజమాన్యానికి దరఖాస్తు పెట్టారు. కళాశాల పేరు కోర్టుల్లో నలగడం సంస్థ ప్రతిష్ఠకు భంగకరమని తిరస్కరించారు. మళ్లీ పెట్టారు. పరీక్షల పని ఉందన్నారు. మళ్లీ పెట్టారు. ఈసారి జవాబే రాలేదు. అనుమతి లేకుండానే ఇచ్చేస్తానని ఆవిడ అంటే జయంత్ గారు వద్దన్నారు. "ఇచ్చారనుకోండి, క్రమశిక్షణ చర్య పెడతారు. అవతలివాళ్లు మొప్పల సంగతి వదిలేసి మీ మీద పడతారు మేడం. సస్పెండైన ఉద్యోగి మాట అంటారు. మీ మాటకు మచ్చ రాకూడదు, మాకు ఉన్నది అదొక్కటే," అన్నారు. అలా ఆవిడ ఆగారు. అందువల్ల పడవలంకా ఆగింది. కర్మాగారం గొట్టం మాత్రం ఆగలేదు.

ఆ గొట్టంలోంచి వచ్చే నీటికీ మా యాజమాన్యం పెద్ద కరస్పాండెంటు గారికీ ఏ సంబంధమూ లేదట. కర్మాగారం వారు మన కళాశాలకు సెమినారు హాలు కట్టించి ఇచ్చారు. ఆ హాలుకూ ఆ దరఖాస్తుల గతికీ ముడి ఉందని నేను రుజువు చేయలేను. రుజువు చేయలేకపోవడం అంటే ముడి లేకపోవడం కాదని మాత్రం ఇదే హాలులో జరగబోయే సభకు వచ్చేవారికి గుర్తుచేస్తున్నాను. రేపు ఆవిడకు శాలువా కప్పబోయే చేయి, మూడు దరఖాస్తుల మీద ఒక్క సంతకం పెట్టలేకపోయిన చేయి. సత్యసంధత, నిబద్ధత అని సన్మానపత్రంలో అచ్చు వేయించారట. ఆ మాటలు ఎవరి గురించి రాశారో వారి నోరే ఇన్నేళ్లు మూయించి, పదవీ విరమణ నాడు పూలదండ వేసి పొగడటానికి ఎంత గుండె ధైర్యం కావాలి! చరిత్ర శాఖ మిత్రులు నన్ను శాంతించమంటున్నారు. కాలం గడిస్తే నిజం తనంతట తనే బయటికి వస్తుందని వారి సిద్ధాంతం. వారి శాస్త్రంలో వందేళ్లు ఆగినా నష్టం లేదు. పడవలంకలో అంత వ్యవధి లేదు.

క్రిస్టినా గారూ, మీ మీద కూడా నాకు కోపం ఉంది. ఆ బోనులో మీరు "చెప్పలేనండీ" అన్నాక మీ మాటను మధ్యలోనే కోసేస్తుంటే, ఒక్కసారి గొంతు పెంచి, "నన్ను పూర్తిగా చెప్పనివ్వండి" అని ఉండవలసింది. మీకు మర్యాద ఎక్కువ. ఇంతకాలం ఎదురు కుర్చీలో కూర్చుని నా దగ్గర నేర్చుకోవలసిన ఒకే ఒక్క విద్య, గట్టిగా అరవడం, మీరు నేర్చుకోలేదు.

పోయిన వారం ప్రయోగశాల తాళాలు అప్పగించి వస్తూ ఆవిడ నా బల్ల దగ్గర ఆగారు. పై కోర్టు అదనపు సాక్ష్యం వినడానికి ఒప్పుకుంది. వాయిదా వచ్చే నెలలో ఉంది. అప్పటికి ఆవిడ ఏ యాజమాన్యం అనుమతీ అక్కరలేని మనిషి. పదవీ విరమణ అనే మాటకు ఇంత మంచి అర్థం ఉంటుందని నేను ఏనాడూ అనుకోలేదు.

"మళ్లీ అదే వకీలు గారు వస్తారండీ. నూటికి నూరు చెప్పగలరా అని మళ్లీ అడుగుతారు. ఏం చెబుతారు?" అన్నాను.

"చెప్పలేనండీ అనే చెబుతాను."

"మళ్లీనా!"

"నిజం అదే కదండీ, మారదు. కాకపోతే ఈసారి అక్కడ ఆగను," అన్నారు. చేతిసంచీ భుజాన వేసుకుని, నా బల్ల మీద ఉన్న అప్పడం ఒకటి తీసుకుని వెళ్లారు.

అభినందన వ్యాసం చివర ఆయురారోగ్యాలు కోరడం ఆచారం. నేను ఆచారానికి కోరడం లేదు, అవసరానికి కోరుతున్నాను. క్రిస్టినా గారూ, బీపీ మాత్రలు వేళకు వేసుకోండి. ఈ చలికాలం గాయక బృందంలో పాడేటప్పుడు గొంతు కాస్త పొదుపుగా వాడండి, దానితో వేరే పని ఉంది. మన దేశంలో వ్యాజ్యాలకు ఆయుష్షు ఎక్కువని మీకు తెలుసు. పడవలంక వ్యాజ్యం ఎంతకాలం బతికితే అంతకాలమూ, ఆ తర్వాత ఆ కాలువలో మళ్లీ పట్టిన చేపతో మంగరాజు గారింట పులుసు తిని, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేవరకూ, మీరు నిండు ఆరోగ్యంతో ఉండాలని ప్రార్థిస్తున్నాను. ప్రార్థన నా శాస్త్రంలో లేదు. అయినా ఈ ఒక్కసారికి మీ గదిలోకి వచ్చాను.

— హేమసుందర్, గణిత శాఖ